ప్రసాదం తిండి కాదు

మా అమ్మాయి ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. కుక్కలకు ఏవేవి పెట్టకూడదో అందులో వరసగా రాసి ఉంటుంది. చాక్లెట్, ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, వండిన ఎముకలు, ఇంకా చాలా. అదంతా ఇంగ్లీషు. అడుగున మాత్రం ఒక్క వాక్యం తెలుగులో ఉంటుంది: "మనం తినేవి ఏవీ పెట్టొద్దు, ప్లీజ్." ఆ ఇంట్లో ఉండేది అమ్మాయి, అల్లుడు, తొమ్మిదేళ్ళ మనవరాలు, వచ్చినప్పుడు నేను. మనవరాలికి తెలుగు చదవడం రాదు. అల్లుడు ఫ్రిజ్ తలుపు తీస్తాడు గాని దాని మీద ఏముందో చూడడు. కాబట్టి ఆ వాక్యం ఎవరి కోసం రాసిందో తెలుసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

నేను ముప్పై రెండేళ్ళు ప్రభుత్వాసుపత్రిలో ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యాను. కాగితం మీద ఏం రాసి ఉంటే అది చెయ్యడం నాకు అలవాటే. అమ్మాయి వాళ్ళ ఊరు ట్రాయ్‌లో ఉన్న రెండు నెలలూ కుక్కలకు నా చేత్తో ఒక్క మెతుకు పెట్టలేదు. మా ఆయన ఈసారి నాతో రాలేదు. ఆయనకు చలి పడదు, కుక్కలు అంతకన్నా పడవు.

కుక్కలు రెండు. నల్లది పెద్దది, లాబ్రడార్, అమ్మాయి వాళ్ళ సొంతం. తెల్లది చిన్నది, అమ్మాయి స్నేహితురాలిది. ఆవిడ వీసా స్టాంపింగ్‌కని హైదరాబాద్ వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయింది. కుక్కకు వీసా అక్కర్లేదు కాబట్టి అది మా దగ్గర హాయిగా ఉంది. వాటి పేర్లు రాయను. నల్లదానికి తెలియక మా మామగారి ముద్దుపేరు పెట్టారు. మొదటి వారం దాన్ని పిలవాల్సి వచ్చినప్పుడల్లా పైట సర్దుకునేదాన్ని.

జులైలో అందరం వారం రోజులు సెలవుకు వెళ్ళాం. ఉత్తరాన అడవుల్లో, సరస్సు ఒడ్డున, ఒక చెక్క ఇల్లు. కుక్కల్ని రానిస్తారు. ఫోన్ సిగ్నల్ ఉండదు, వైఫై ఉండదు. ఇవి లోపాలు కావట, వీటి కోసమే బుక్ చేశారట. ట్రాయ్ నుంచి పొద్దున్నే బయలుదేరి, పెద్ద వంతెన దాటి, సాయంత్రానికి చేరాం. ప్రశాంతత కోసం వెళ్తున్నవాళ్ళకు రెండు రైస్ కుక్కర్లు ఎందుకని ఎవరైనా అడుగుతారేమో అనుకున్నాను. రెండోది నేనే పెట్టించాను.

సరస్సు నీళ్ళు పల్చటి కాఫీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. ఆకులూ వేళ్ళూ నాని ఆ రంగు వస్తుందని, శుభ్రమైన నీళ్ళేనని అల్లుడు చెప్పాడు. శుభ్రమైనవే అయితే నువ్వు తాగు అన్నాను. తాగలేదు. ఇంటి ముందు నుంచి నీళ్ళలోకి చెక్కలతో వేసిన డాక్ ఉంది. దాని చివరన నిలబడి చెయ్యి పైకెత్తితే సిగ్నల్ వస్తుందని వచ్చిన గంటలోనే కనిపెట్టారు. ఆ వారం అమ్మాయికి ఆఫీసు ఆన్‌కాల్, ఏ వేళ పిలిచినా పలకాలి. దాంతో సెలవులో సగం ఆమె డాక్ చివర ఒక చెయ్యి గాలిలో పెట్టి నిలబడే ఉంది. మిగతా సగం దోమలు చూసుకున్నాయి.

నేను ఎక్కడున్నా పొద్దున్న స్నానం కాగానే దీపం పెట్టి, నైవేద్యం పెట్టకుండా నోట్లో ఏమీ వేసుకోను. ట్రాయ్‌లో దేవుడి గది మేడ మీద ఉంటుంది, మెట్ల దగ్గర కుక్కలు ఎక్కకుండా చిన్న గేటు ఉంటుంది. ఆ వేళకు అందరూ ఆఫీసు మీటింగుల్లోనో స్కూలు హడావిడిలోనో ఉంటారు, ప్రసాదం నేనొక్కదాన్నే తినేదాన్ని. ఇక్కడ గదీ లేదు, గేటూ లేదు. వరండాలో సరస్సు వైపున్న కిటికీ గట్టు మీద పటం పెట్టుకున్నాను. నైవేద్యానికి కిస్‌మిస్ ప్యాకెట్ తెచ్చుకున్నాను. ప్రయాణాల్లో అదే వీలు, వండక్కర్లేదు, పాడైపోదు.

మొదటి రోజు హారతి ఇచ్చి వెనక్కి తిరిగేసరికి ముగ్గురూ నిలబడి ఉన్నారు. అమ్మాయి, అల్లుడు, మనవరాలు. కుడిచెయ్యి కింద ఎడమచెయ్యి పెట్టి పట్టారు. పట్టి, కళ్ళకద్దుకుని, గుప్పిట మూసి, కాఫీతో తింటాం అంటూ తలా ఒక దిక్కు వెళ్ళారు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. సిగ్నల్ లేని చోటికి తీసుకొస్తే మనుషులకు భక్తి వస్తుందని అప్పుడే అర్థమైందనుకున్నాను. డాక్ చివరికి వెళ్ళి మా ఆయనకు ఫోన్ చేసి కూడా చెప్పాను.

వాళ్ళ వెనక నల్లది కూర్చుని ఉంది. ఎవరూ చెప్పకుండానే, తోక కూడా ఊపకుండా, పటం వైపు చూస్తూ. నాకు ఆ కుక్కంటే ఇష్టం. ఈ మాట ఎవరితోనూ అనలేదు. రెండు నెలలుగా నేను స్నానానికి వెళ్తే బాత్‌రూం తలుపు బయట పడుకునేది, వచ్చాక లేచి పక్కకు తప్పుకునేది. ప్రసాదం పంచుతున్న చోట ఎదురుగా ఉన్నవాళ్ళకు పెట్టకుండా పళ్ళెం లోపలికి తీసుకుపోవడం మా ఇళ్ళల్లో లేదు. ఫ్రిజ్ మీద కాగితం గుర్తుకు రాకపోలేదు. అందులో తిండి పెట్టొద్దని ఉంది. ప్రసాదం తిండి కాదు. ఈ ముక్క ఏ పూజారినడిగినా చెబుతాడు. నాలుగు పలుకులు దాని ముందు పెట్టాను. తినేసి మళ్ళీ పటం వైపు చూసింది. చిన్నదానికీ పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది.

రెండో రోజూ అంతే. మూడో రోజు చూస్తే ఆ తేమకు ప్యాకెట్‌లో కిస్‌మిస్ అంతా ముద్ద కట్టుకుని ఉంది. పారెయ్యడం ఇష్టంలేక ఉన్నదంతా నైవేద్యం పెట్టేశాను. ముగ్గురికీ దండిగా వచ్చింది. మిగిలింది ఒక గుప్పెడు. వాళ్ళు వెళ్ళాక ఆ గుప్పెడూ నల్లదానికి పెట్టాను. చిన్నది ఆ రోజెందుకో ఒకటి నోట్లో పెట్టుకుని, నమిలి, ఉమ్మేసి పోయింది.

ముప్పావు గంట తర్వాత అమ్మాయి చెప్పుల్లేకుండా కాఫీ కప్పుతో వరండాలోకి వచ్చింది. కాలికేదో అంటుకుంది. తీసి చూసింది. చిన్నది నమిలి ఉమ్మిన కిస్‌మిస్ అది, పంటి గాట్లు కూడా ఉన్నాయి.

"అమ్మా, ఇది కుక్కల నోట్లోకి ఎలా వెళ్ళింది?" అంది.

"కింద పడి ఉంటుంది," అన్నాను.

"ఇవి తింటే కిడ్నీలు ఫెయిల్ అవుతాయి అమ్మా. గ్రేప్స్ కన్నా ఇవి ఇంకా డేంజర్. నల్లోడు తిన్నాడా?"

నా చేతిలో ఇంకా జిగురు ఉంది. చీర కుచ్చిళ్ళకు తుడుచుకున్నాను.

అమ్మాయి అప్పటికే డాక్ మీద పరుగెడుతోంది. వెనకాలే నేనూ వెళ్ళాను. అల్లుడూ మనవరాలూ కూడా వచ్చారు. చివర నిలబడి కుక్కల ఆసుపత్రికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. అది అక్కడికి గంటంపావు దూరంట. అవతల డాక్టరు ఆడపిల్ల, నెమ్మదైన గొంతు. ఎంత బరువు, ఎంత వయసు అని అడిగి, ఎన్ని తింది, ఎప్పుడు తింది అంది. అమ్మాయి నా వైపు చూసింది. అల్లుడూ చూశాడు.

"ఒకటో రెండో," అన్నాను. "కింద పడినవి."

ఎందుకలా అన్నానో నాకు తెలుసు గాని ఆ నిమిషంలో ఒప్పుకోవడానికి సిద్ధంగా లేను. నల్లదంత కుక్కకు ఒకటీ రెండూ అయితే ప్రమాదం తక్కువని, అయినా ఏదీ కచ్చితంగా చెప్పలేమని, వాంతులయినా మందకొడిగా పడుకున్నా వెంటనే తీసుకురమ్మని డాక్టరు చెప్పింది. ఎక్కువ తిని ఉంటే మాత్రం కడుపులో ఉండగానే కక్కించాలని, మొదటి రెండు మూడు గంటలే ముఖ్యమని కూడా చెప్పింది. అమ్మాయి ఊపిరి వదిలి ఫోన్ పెట్టేసింది. "థాంక్ గాడ్," అంది. ఏ దేవుడికి చెప్పిందో, ఆయన ప్రసాదమే ఇదంతా చేసింది.

అల్లుడు గాలం తీసుకుని కూర్చున్నాడు. మనవరాలు నీళ్ళలోకి దిగింది. అమ్మాయికి ఆఫీసు నుంచి కాల్ వచ్చి అక్కడే ఉండిపోయింది. నేను వరండాలోకి వచ్చి కూర్చున్నాను. నల్లది వచ్చి నా పాదాల దగ్గర పడుకుంది.

మా ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వార్డు మా మందుల గదికి ఎదురుగానే ఉండేది. ఏదో మింగి వచ్చినవాళ్ళను తీసుకొచ్చేవారు. ఎంత మింగారమ్మా అని డాక్టరు అడిగితే పక్కనున్న చుట్టాలు ఎప్పుడూ సగమే చెప్పేవారు. పరువు పోతుందని. నేను లోపల్నుంచి వింటూ ఆ లెక్కను రెట్టింపు చేసుకుని మందు తీసేదాన్ని. ఒకామెనైతే మొహం మీదే అన్నాను, నీ పరువు తీసుకుని నీ మొగుణ్ణి బతికిస్తావా అని. ఆవిడ ఏడ్చింది. ఏడిస్తే ఏడ్చింది, నిజం చెప్పింది. ఇప్పుడు నా లెక్కను రెట్టింపు చేసేవాళ్ళు ఆ అడవిలో ఎవరూ లేరు. రెట్టింపు చేసినా నాలుగే అవుతుంది.

గోడ గడియారం ఎనిమిది నలభై చూపిస్తోంది. పెట్టింది ఏడున్నరకు. కడుపులో ఉన్నంతసేపే మన చేతుల్లో ఉంటుంది, దిగిపోయాక కిడ్నీల పని. ఇది నేను బోలెడంత మందికి చెప్పిన మాట. నల్లది లేచి నీళ్ళ గిన్నె దగ్గరకు వెళ్ళి తాగింది. మళ్ళీ వచ్చి పడుకుంది. మళ్ళీ లేచి తాగింది. రోజూ అంతే తాగుతుందో ఏమో, నేనెప్పుడూ చూడలేదు. నాకు భయం వేసింది. కుక్క పోతుందని భయం, నేను చెప్పాల్సి వస్తుందని భయం. రెండోదే ఎక్కువగా ఉందని తెలిసి నా మీద నాకే అసహ్యం వేసింది.

లేచి డాక్ మీదికి నడిచాను. చెక్కలు ఊగుతుంటాయి, ఈ వయసులో దాని మీద పరుగెత్తలేను. అమ్మాయి హెడ్‌సెట్ పెట్టుకుని ఏదో సర్వర్ గురించి ఎవరితోనో మాట్లాడుతోంది. ఆగమన్నట్టు వేలు చూపించింది. ఆగలేదు.

"గుప్పెడు," అన్నాను. "ఇవాళ గుప్పెడు పెట్టాను. నిన్నా మొన్నా నాలుగేసి. కింద పడలేదు. నేనే పెట్టాను, ప్రసాదం."

అమ్మాయి హెడ్‌సెట్ తీసింది. అవతల ఎవరో ఇంకా మాట్లాడుతున్న శబ్దం వినిపిస్తోంది.

"ఎన్నింటికి?"

"ఏడున్నరకి."

ఫోన్ చూసుకుంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"కారెక్కు అమ్మా," అంది.

పది నిమిషాల్లో బయలుదేరాం. అల్లుడు డ్రైవ్ చేస్తున్నాడు, పక్కన అమ్మాయి, వెనక నేనూ మనవరాలూ, మధ్యలో నల్లది తల నా ఒళ్ళో పెట్టుకుని. చిన్నదాన్ని ఇంట్లో వదిలేశాం, అది మాకన్నా తెలివైందని అప్పటికే తేలిపోయింది. అడవిలో కంకర రోడ్డు. కాసేపటికి మనవరాలు ఏడవడం మొదలుపెట్టింది.

"అమ్మమ్మా, నేను కూడా ఇచ్చాను," అంది. "నాది మొత్తం. ఎవ్రీ డే. నాకు రైజిన్స్ యక్కీ. నీకు సాడ్ అవుతుందని చెప్పలేదు."

కారు కొంచెం నెమ్మదించింది. అద్దంలో అల్లుడి కళ్ళు కనిపించాయి.

"అత్తమ్మా, ఏమనుకోవద్దు," అన్నాడు. వాళ్ళది వరంగల్ వైపు. "నేను గూడ రోజు దానికే ఏసిన. చిన్నప్పటి సంది నాకు కిస్‌మిస్ పడదు. పులావ్‌ల వచ్చినా ఏరి పక్కకు పెడ్త. వద్దంటే బాగుండదని పట్టిన."

"కాగితం మీద గ్రేప్స్ అని రాశాను కదా," అంది అమ్మాయి.

"ఏ కాగితం?" అన్నాడు.

నేను అమ్మాయి వైపు చూశాను. ఆమె రోడ్డు వైపే చూస్తోంది.

"మరి నీది?" అన్నాను.

"నీళ్ళలో వేశా," అంది. "చేపలకి."

అంటే మూడు రోజులుగా, అంత భక్తిగా చేతులు చాచి, కళ్ళకద్దుకుని తీసుకెళ్ళిన ప్రసాదంలో ఒక్క పలుకు కూడా మనిషి నోట్లోకి వెళ్ళలేదు. నాది మాత్రం నేను తిన్నాను. మా ఆయనకు ఫోన్ చేసి చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. రోషం వచ్చింది. అయితే నా ఒళ్ళో ఉన్న తల మూడు రోజులుగా మా అందరి మర్యాదనూ మింగుతోంది, ఆ తల ముందు నా రోషం ఎంత?

సిగ్నల్ రాగానే అమ్మాయి ఆసుపత్రికి మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి లెక్క సరిగ్గా చెప్పింది. నాది గుప్పెడు, మనవరాలిది అరగుప్పెడు, అల్లుడిది అరగుప్పెడు. డాక్టరు ఆ లెక్క రెండుసార్లు చెప్పించుకుంది. ఇలాంటి ఇల్లు ఆమెకు తగిలి ఉండదు. వెంటనే రమ్మంది.

డాక్టరు పొడుగాటి రబ్బరు బూట్లతో తలుపు దగ్గరే నిలబడి ఉంది. నల్లదాన్ని లోపలికి తీసుకెళ్ళి ఇంజెక్షన్ ఇచ్చి కక్కించారు. తర్వాత బయటికి వచ్చి చాలామట్టుకు వచ్చేశాయంది. చూస్తానన్నాను. ఎందుకని అడగబోయి మా అమ్మాయి ఆగిపోయింది. డాక్టరు ట్రే తెచ్చి చూపించింది. నీళ్ళకు ఉబ్బి మళ్ళీ ద్రాక్షపళ్ళంత అయ్యాయి. లెక్కపెట్టాను. యాభై ఏడు. ఒకటో రెండో అని చెప్పింది నేను.

అంతటితో అయిపోలేదు. ఒంట్లోకి ఎంత దిగిందో తెలియదు, సెలైన్ పెట్టి రెండు రోజులు ఉంచాలి, కిడ్నీల పరీక్ష మూడుసార్లు చెయ్యాలి, అప్పుడు గాని చెప్పలేం అన్నారు. ముందు కాలి మీద జుట్టు గీసి సూది పెట్టారు. నల్లది అద్దం తలుపు వెనక నుంచి మమ్మల్ని చూస్తూ ఉంటే బయటికి వచ్చేశాం.

ఆ రెండు రోజులూ సెలవు ఎలా గడిచిందో చెప్పడానికేం లేదు. సరస్సు అక్కడే ఉంది. పొద్దున్న దీపం పెట్టుకుని మంచినీళ్ళు నైవేద్యం పెట్టాను. ఎవర్నీ పిలవలేదు, ఎవరూ రాలేదు. ఆసుపత్రి వాళ్ళు చెప్పిన వేళకు అందరం డాక్ చివరికి వెళ్ళి ఫోన్ చేసేవాళ్ళం. మొదటి పరీక్షలో ఒక అంకె కొంచెం ఎక్కువగా ఉందన్నారు. ఎంతని అడిగాను, చెప్పారు. ఆ అంకెకు మనిషైతే ఏమవుతుందో నాకు తెలుసు, కుక్కకు ఏమవుతుందో తెలియదు. ఆ పూట అన్నం తినలేకపోయాను.

రెండో రోజు సాయంత్రం ఆఖరి ఫోన్ కోసం నేనూ అమ్మాయీ డాక్ చివర కూర్చున్నాం. చెప్పిన వేళకు ఇంకా అరగంట ఉంది.

"ఒకటో రెండో అని ఎందుకన్నావమ్మా?" అంది. గొంతులో కోపం లేదు, నిజంగానే అడిగింది.

"నీకు భయపడి," అన్నాను.

"నాకా?"

"నీకే. పొయ్యి వెలిగించాలంటే భయం, డిష్‌వాషర్‌లో గిన్నె పెట్టాలంటే భయం. ఎక్కడ ఏం తప్పు చేస్తానో, నువ్వు ఏ కాగితం అంటిస్తావో అని."

అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"నేను ప్రసాదం నీళ్ళలో ఎందుకు వేశాననుకున్నావ్?" అంది. "నాకు నలభై రెండేళ్ళు. ఒక టీమ్‌ని నడుపుతాను. 'అమ్మా, నాకు వద్దు' అనడానికి ధైర్యం చాల్లేదు."

నా పిల్ల నాకు భయపడుతుందని నాకు తెలుసు, చిన్నప్పుడు అది నాకు గర్వంగా కూడా ఉండేది. ఇంకా భయపడుతోందని తెలియదు. దుఃఖం వచ్చింది. అంతలో ఫోనే మోగింది, వాళ్ళే చేశారు. కిడ్నీలు బాగున్నాయి, అంకె మామూలుకు వచ్చింది, పొద్దున్న వచ్చి తీసుకెళ్ళండి అన్నారు. అమ్మాయి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అల్లుడు ఒడ్డు నుంచి మమ్మల్ని చూసి కుక్క పోయిందనుకుని అక్కడే కూలబడ్డాడు. అతన్ని లేపడానికి కాసేపు పట్టింది.

నల్లదాన్ని తీసుకొచ్చిన మర్నాడు తిరుగు ప్రయాణం. పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టాను. సామాన్లలో బెల్లం ముక్క ఒకటి మిగిలి ఉంటే అది నైవేద్యం పెట్టాను. నల్లదీ చిన్నదీ లోపల గదిలో ఉన్నాయి, తలుపు నేనే వేశాను. హారతి ఇచ్చి తిరిగేసరికి ముగ్గురూ నిలబడి ఉన్నారు.

"ఇష్టమైతేనే తీసుకోండి," అన్నాను. "వద్దంటే వద్దని చెప్పండి. నేనేమీ అనుకోను."

అనుకుంటానని అందరికీ తెలుసు. మనవరాలు వాళ్ళమ్మ వైపు చూసి, నా వైపు చూసి, "వద్దు అమ్మమ్మా," అంది. ఆ ఇంట్లో నా మొహం మీద వద్దన్న మొదటి మనిషి అది. గుచ్చుకుంది. "మంచిది," అన్నాను. అల్లుడు ఒక ముక్క తీసుకుని, బెల్లమంటే ఇష్టమే అత్తమ్మా అని, నేను చూస్తుండగానే నమిలి మింగి, అనుమానం లేకుండా నోరు తెరిచి చూపించాడు.

అమ్మాయి చెయ్యి చాచింది. కుడిచెయ్యి, కింద ఎడమచెయ్యి.

"నీకు ఇష్టమేనా?" అన్నాను.

"లేదమ్మా," అంది. "పెట్టు."